మైకులో వచ్చిన చూపు

మా ఇంట్లో ఎవరి మీద కోపమొచ్చినా దేవుడికి చెప్పుకుంటాం. నేరుగా మనిషికి చెబితే గొడవవుతుంది, దేవుడికి చెబితే ప్రార్థనవుతుంది. సాయంత్రం అన్నాల ముందు ముందుగదిలో చాప పరిచి నేనూ, మా ఆయనా, మా అత్తగారూ కూర్చుంటాం. ఒక పాట, ఒక అధ్యాయం, ఆ తర్వాత వరసగా ముగ్గురి ప్రార్థన. అందరూ కళ్ళు మూసుకోవాలి. మధ్యలో ఎవరూ నోరు మెదపకూడదు. ఆమేన్ అనేదాకా అవతలివాళ్ళు చచ్చినట్టు వినాలి. అత్తాకోడళ్ళకి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇంకెక్కడా ఉండదు.

“ప్రభువా,” అని మొదలుపెట్టేవారు మా అత్తగారు, “ఈ ఇంటి ఆహారాన్ని ఆశీర్వదించు. పప్పులో ఉప్పు వేసేటప్పుడు నీ బిడ్డల చేతులు నువ్వే పట్టుకో తండ్రీ.” ఇంట్లో పప్పు వండే బిడ్డ ఒక్కతే. నా వంతు వచ్చాక నేనూ ఊరుకునేదాన్ని కాదు. “దేవా, రోజంతా బడిలో అరిచి అరిచి వచ్చిన నీ దాసురాలికి ఓర్పునివ్వు. పొద్దున్న నాలుగు కూరగాయలు తరిగి పెడదామనే మనసు ఈ ఇంట్లో ఇంకెవరికైనా పుట్టించు.” మా ఆయన మాత్రం వర్షాల కోసం, పంటల కోసం, దేశాన్నేలే నాయకుల కోసం ప్రార్థించేవారు. పక్కనే తల్లీ పెళ్ళామూ దేవుడి సమక్షంలో కొట్టుకుంటుంటే ఆయన ఢిల్లీని కాపాడే పనిలో ఉండేవారు.

అధ్యాయం ఎంచుకోవడంలోనూ రాజకీయమే. మంచి ఇల్లాలు ఎలా ఉండాలో చెప్పే అధ్యాయం ఒకటుంది. అందులో ఆవిడ తెల్లవారకముందే లేచి అందరికీ వండి పెడుతుంది. నేను ఆదివారం ఆలస్యంగా లేచిన ప్రతిసారీ సాయంత్రం అత్తగారు అదే తీసేవారు. నేను మర్నాడు ఇద్దరు అక్కచెల్లెళ్ళ ఇంటికి ప్రభువు వచ్చిన భాగం తీసేదాన్ని. అందులో వంటింట్లో హడావిడి పడిన అక్కకే మాట పడుతుంది.

ఆవిడ బడికి వెళ్ళిన మనిషి కాదు. పొదిలి పక్క మెట్ట ఊళ్ళో పుట్టి, పెళ్ళయ్యాక ఇటు గుంటూరు వైపు వచ్చి, పత్తి తీసీ మిరప కోసీ మా ఆయన్ని చదివించారు. అక్షరాలు నేర్చుకున్నది పెద్దయ్యాకే. అదీ బైబిలు వాక్యం చదవడం కోసమే. ఆ తర్వాత ఇంకో పుస్తకం జోలికి పోలేదు. అదే పుస్తకం, మొదటినుంచి చివరిదాకా, మళ్ళీ మొదటినుంచి.

నేను అలా కాదు. నాకు ధ్యానాల పుస్తకాలు పిచ్చి. రోజుకో పేజీ చొప్పున ఉంటాయే, అవి. పేజీ మొదట్లో రాసినాయన రైల్లో గొడుగు మర్చిపోతాడు, పేజీ చివరికల్లా ఆ గొడుగులో దేవుడి ప్రేమ కనపడుతుంది. చదివి చదివి నాకూ ఆ జబ్బు పట్టుకుంది. గ్యాసు బండ అయిపోతే ఒక ఆత్మీయ పాఠం, ఆటో దొరక్కపోతే ఒక పాఠం, పాలు పొంగితే ఒక పాఠం. ఒక్కో రోజు మాత్రం ఎంత ధ్యానించినా పాలు పొంగినట్టే ఉండేది, పొయ్యి తుడుచుకోవాల్సి వచ్చేది. మా అత్తగారికి ఇదంతా వేళాకోళం. “గొడుగు పోతే ఇంకోటి కొనుక్కోవాల గానీ, దానికి పేజీ రాయటం ఏందమ్మాయ్?” అనేవారు.

ఆవిడ కళ్ళకి పొర వచ్చింది. ఊళ్ళో కళ్ళ పరీక్షలు పెట్టినప్పుడు చూసినవాళ్ళు శుక్లాలు అన్నారు, ఆపరేషన్ చేయించుకోమన్నారు. కంట్లో కత్తి పెడతారనేసరికి ఆవిడ వణికిపోయి రేపు మాపు అంటూ గడిపారు. అంతలో ఊరి బయట, ప్రార్థనతో రోగాలు బాగుచేస్తామనే స్వస్థత కూడికలు వచ్చాయి. కల్లాల్లో మిరపకాయ ఎండుతున్న రోజులు. పెద్ద షామియానా వేశారు. వచ్చిన దైవజనుడు ఎక్కడో బయటి ఊరాయన, గొంతు పెద్దది, స్పీకర్లు ఇంకా పెద్దవి. మా అత్తగారిని స్టేజీ మీదికి పిలిచి, కళ్ళకి నూనె రాసి, ప్రార్థించి, మొహానికి జానెడు దూరంలో వేళ్ళు పెట్టి “ఎన్నమ్మా?” అని అడిగాడు.

“రెండయ్యా” అన్నారు ఆవిడ.

షామియానా లేచిపోయేట్టు హల్లెలూయ అన్నారు జనం. జానెడు దూరంలో వేళ్ళు ఆవిడకి ముందురోజు కూడా కనపడేవి. కాకపోతే ముందురోజు ఎవరూ అడగలేదు, చేతిలో మైకూ లేదు.

ఆ తర్వాత మా చర్చి సంఘంలో ఆదివారం, దేవుడు చేసిన మేలు మైకులో చెప్పుకునే సాక్ష్యాల వేళ అంటే మా అత్తగారిదే. మొదటి వారం “కొంచెం తేటగా ఉంది” అన్నారు. నెల తిరిగేసరికి సూదిలో దారం ఎక్కించారు. ఇంకో నెలకి హైవే మీద పోయే బస్సు బోర్డు చదివేశారు. కావాలని అబద్ధమాడాలన్న ఉద్దేశం ఆవిడకి లేదు, ఆ మాట నేను ఒట్టేసి చెబుతాను. సంఘమంతా అంత గట్టిగా స్తోత్రం అంటుంటే చిన్న మాట చెప్పి కూర్చోవడం ఎవరి వల్లా కాదు.

నేను కూడా నమ్మాను. రోజూ సాయంత్రం అధ్యాయం చదువుతున్నారు కదా, నమ్మక ఏం చేస్తాను? ఒకరోజు గాలివాన మొదలైంది. ఆవిడ వంతు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గడగడా చదువుతున్నారు. కరెంటు పోయింది. చదువు పోలేదు. గదంతా కటిక చీకటి. ఆవిడ ఆగాల్సిన చోట ఆగుతూ, ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకుంటూ చదివేస్తున్నారు. మధ్యలో పేజీ తిప్పిన చప్పుడు కూడా వినపడింది. నేను ఫోను లైటు వేసి చూశాను. ఆవిడ నోట్లో ఉన్నది ఒక అధ్యాయం, ఒళ్ళో తెరిచి ఉన్నది ఇంకో అధ్యాయం.

అయిపోయాక మా ఆయన “స్తోత్రం” అన్నారు. వాక్యం చదువుతున్నంతసేపూ ఆయన కళ్ళు మూసుకుని ధ్యానిస్తారు. ఆ ధ్యానంలో కొంచెం గురక కూడా ఉంటుంది.

అప్పట్నుంచీ గమనించడం మొదలుపెట్టాను. నడుస్తూ గోడ తడుముతున్నారు. గ్లాసులో నీళ్ళు పోస్తూ లోపల వేలు పెట్టి చూసుకుంటున్నారు. ఏడాదికి సరిపడా కారం కోసం కాయలు ఏరడానికి కూర్చుంటే, తాలు కాయలు, అంటే రంగుపోయి తెల్లబడ్డవి, ఎర్రకాయల్లోనే ఉండిపోతున్నాయి. ఒకప్పుడు పక్కింటావిడతో కబుర్లు చెబుతూ కూడా ఒక్క తాలుకాయ వదలని మనిషి. నాకు భయం పట్టుకుంది. గుంటూరు బ్రాడీపేటలో కళ్ళ డాక్టరు దగ్గర ఆగి విషయం చెబితే, “ఇంకా ముదరనిస్తే లోపల ఒత్తిడి పెరిగి చూపు మొత్తానికే పోవచ్చు, త్వరగా తీసుకురండి” అన్నాడు.

ఆ సాయంత్రం ప్రార్థనలో యుద్ధం మొదలుపెట్టాను. “ప్రభువా, డాక్టర్లను కూడా నువ్వే పుట్టించావు. బ్రాడీపేటలో కొందరిని ప్రత్యేకంగా పుట్టించావు. ఆ సంగతి నీ బిడ్డలకి తెలియజేయి.” మా అత్తగారి వంతు వచ్చింది. “తండ్రీ, ఈ ఇంట్లో అల్పవిశ్వాసం ఎవరికున్నా క్షమించు. ఎక్కువ చదువుకుంటే వచ్చే అనుమానాలు తీసెయ్యి.” మా ఆయన ఆ రోజు దేశ ఆర్థిక పరిస్థితి కోసం ప్రార్థించారు.

ఇట్లా లాభం లేదని మర్నాడు డాబా ఎక్కాను. ఆవిడ ఎండబెట్టిన కాయల దగ్గర కూర్చుని ఉన్నారు. “అత్తయ్యా, మధ్యలో దేవుణ్ణి పెట్టకుండా అడుగుతున్నా. మీకు కనపడటం లేదు కదూ?”

ఆవిడ కాయలు అటూ ఇటూ తిప్పారు. చివరికి, “లేదు. నీ మొహం కూడా మసకే. అదొక్కటే మేలు” అన్నారు.

“మరి రేపు ఆస్పత్రికి పోదాం.”

“ఎట్టా పోయేది? మైకులో చెప్పానే. దేవుడు బాగుచేశాడని ఊరందరికీ చెప్పి, ఇప్పుడు పోయి కళ్ళు కోయించుకొస్తే ఏమంటారు? దేవుడు చెయ్యలేదనేగా? నన్ను చూసి నవ్వితే నవ్వనీ. ఆయన్ని చూసి నవ్వితే నేనెట్టా ఓర్చుకునేది?”

నాకు ఒళ్ళు మండిపోయింది. భూమ్యాకాశాలు చేసినాయన పరువు మా అత్తగారి రెండు కళ్ళ మీద ఆధారపడి ఉందట! “ఆయన పరువు ఆయన చూసుకోలేడా? మీరు కాపలా కాయాలా?” అని అరిచాను. అరిచాను గానీ, మెట్లు దిగుతుంటే ఏడుపు ఆగలేదు. దేవుడి కోసం నేను ఏనాడూ ఒక పూట నిద్ర కూడా పాడుచేసుకోలేదు. ఈ మనిషి గుడ్డిదైపోవడానికి సిద్ధంగా కూర్చుంది. నా పుస్తకాల్లో ఏ పేజీకీ ఇంత మొండి ప్రేమ తెలియదు. అది ప్రేమేనా, పిచ్చా అన్నది కూడా నాకు తేలలేదు. మా ఆయనతో చెబితే “అమ్మ ఒప్పుకోవాలిగా” అని పేపరు తిప్పారు.

మా ఎదురింట్లో ఒక పిన్ని ఉంది. వరసకి ఏమీ కాదు, అందరికీ పిన్నే. మా అత్తగారూ ఆవిడా ఒకప్పుడు పక్క పక్క సాళ్ళలో మిరప కోసినవాళ్ళు. ఇప్పుడు ఆవిడ హైవే పక్క షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. ఆ షెడ్డుల్లో కళ్ళు మండటం, నీళ్ళు కారటం రోగం కింద లెక్క కాదు, పనిలో భాగం. ఆ వారం ఒక మధ్యాహ్నం వచ్చి మా వరండాలో కూర్చుంది. నేను టీ గ్లాసు ముందు పెట్టాను. పిన్ని చెయ్యి గ్లాసు పక్కన నేల మీద వాలింది, తర్వాత గ్లాసుకి తగిలి టీ అంతా ఒలికిపోయింది.

“ఏంటి పిన్నీ, ఘాటు ఎక్కువైందా?”

“ఘాటు కాదులేవే. ఈమధ్య సరిగా అగపడటంలా.”

పిన్నికి ఉన్నది శుక్లాలు కాదు, కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు. బతికినంతకాలం చుక్కల మందు వేసుకోవాలని, ఒక్కరోజు కూడా మానొద్దని ఆవిడకి డాక్టర్లు చెప్పిన సంగతి మా వీధంతటికీ తెలుసు. “మందు వేసుకుంటున్నావా?” అని అడిగాను.

“ఎప్పుడో మానేశా. అక్క మైకులో చెప్పిన రోజే ఇంటికి పోయి సీసా పెంటలో పారేశా. అక్కకి చేసినాయన నాకు చెయ్యడా?”

వరండా చివర కాయలు ఏరుతున్న మా అత్తగారి చేతులు ఆగిపోయాయి. “ఎంత కనపడతందే నీకు?” అన్నారు.

“ఎడం కన్ను చీకటే అక్కా. కుడిది తలుపు సందులోంచి చూసినట్టుంటది. నా విశ్వాసం చాల్లేదనుకుంటా. నీకున్నంత నాకెక్కడిది?”

పిన్ని ఆ మాట వేళాకోళానికి అనలేదు. ఎత్తిపొడుపు అయినా బాగుండేది. నిజంగానే అనుకుని, తన తప్పే అన్నట్టు అంది. ఆ సాయంత్రం ప్రార్థనలో మా అత్తగారి వంతు వచ్చినప్పుడు “ప్రభువా” అన్నారు. ఎంతసేపు చూసినా ఇంకో మాట రాలేదు. చివరికి మా ఆయనే ఆమేన్ అనేశారు.

ఆదివారం వచ్చింది. మా అత్తగారు పిన్నిని చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకొచ్చి తన పక్కనే చాప మీద కూర్చోబెట్టుకున్నారు. పాస్టరుగారు “సాక్ష్యాలున్నవాళ్ళు ముందుకి రండి” అనగానే లేచారు. జనం మొహాలు విచ్చుకున్నాయి. బస్సు బోర్డు అయిపోయింది కాబట్టి ఈసారి విమానం ఏమన్నా చూశారేమోనని ఎదురుచూస్తున్నట్టున్నారు.

“నాకు కళ్ళు కనపడటంలేదు” అన్నారు మైకులో.

“స్తోత్రం!” అంది సంఘం అలవాటు కొద్దీ.

“అసలు బాగుపడనే లేదు.”

“హల్లెలూయ!” అన్నారు వెనకనుంచి ఎవరో, కొంచెం ఆలస్యంగా. అప్పుడు అర్థమైంది అందరికీ.

పాస్టరుగారు మంచాయన. పడిపోయేదాన్ని పట్టుకోవాలనే చూశారు. “అమ్మగారు చెప్పేది ఆత్మీయ నేత్రాల గురించి. మనందరి ఆత్మీయ నేత్రాలూ...”

“కాదయ్యా. ఈ కళ్ళే. మొహాన ఉన్నాయే, ఇయ్యి.” ఆవిడ మైకు వదల్లేదు. “సూదిలో దారం ఎక్కించింది నా కోడలు. బస్సు బోర్డు నేను చదవలా, ఆ వేళకి ఏ బస్సు వస్తదో నాకు తెలుసు. మీరు గట్టిగా స్తోత్రం అన్నారు, నాకు బాగుంది, ఇంకొంచెం చెప్పా. నా మాట నమ్మి ఇది మందు పారేసింది. దీని కన్ను పోయింది. దేవుడు అబద్ధమాడలా. నేనే ఆడా. ఇంకెవురన్నా నా మాట విని మందులు మానేసుంటే, ఇంటికి పోయి మళ్ళీ మొదలుపెట్టండి.”

కూర్చున్నారు. ఎవరూ ఆమేన్ అనలేదు. పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట నంబరు చెప్పారు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మా అత్తగారు ఏడవలేదు, పిన్ని మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. పుట్టి బుద్ధెరిగాక నేను విన్న సాక్ష్యాలకి లెక్కలేదు. నేను పూర్తిగా నమ్మింది అదొక్కటే.

ఆరాధన అయ్యాక చర్చి బయట చెప్పులు వేసుకుంటూ ఇద్దరు పెద్దమనుషులు “ముసలామె విశ్వాసంలో పడిపోయింది” అని బాధపడ్డారు. ఆ ఇద్దరిలో ఒకాయన సాయంత్రం మా ఇంటికొచ్చి, షుగరు మాత్రలు కొన్నాళ్ళుగా ఆపేశాననీ, మళ్ళీ మొదలుపెడితే పాత మోతాదే వేసుకోవాలా అనీ, ఎవరికీ చెప్పొద్దనీ నన్నడిగారు. నేను బడి పంతులమ్మనండీ, డాక్టరునడగండి అని బ్రాడీపేట దారి చెప్పాను.

మర్నాడు బడికి సెలవు పెట్టి ఇద్దర్నీ ఆటోలో బ్రాడీపేట తీసుకుపోయాను. కోచింగ్ సెంటర్ల పిల్లలు రోడ్డు నిండా ఉన్నారు. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని ఇద్దరు ముసలమ్మలు దాటుతుంటే స్కూటర్లు ఆగి తిట్టాయి. మా అత్తగారు తిరిగి తిట్టారు, ఎటువైపున్న స్కూటర్నో తెలియకుండానే. డాక్టరు ఇద్దర్నీ చూశాడు. మా అత్తగారికి ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది. పిన్నికి కుడి కన్ను రోజూ మందు వేస్తే నిలుస్తుంది. ఎడమ కన్ను పోయినట్టే, దానికిక చుక్కలు కూడా అక్కర్లేదు.

“ఇంకేం చేసినా రాదా బాబూ?” అని అడిగింది మా అత్తగారే. పిన్ని అడగలేదు.

“రాదమ్మా” అన్నాడాయన.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఆవిడ మొదట చూసింది నన్ను. “ఏందమ్మాయ్, ఇంత నల్లబడ్డావు? జుట్టు కూడా నెరిసిందే” అన్నారు. ఇంటికొచ్చాక వంటింటి మూలలూ, నేను తుడిచాననుకున్న అలమారా వెనకా అన్నీ చూశారు. ఆ సాయంత్రం దేవుడికి నా మీద వెళ్ళిన ఫిర్యాదులు మామూలువి కావు. విని ఎంత సంతోషించానో చెప్పలేను.

ఇంకో నెల గడిచాక పాస్టరుగారు ఇంటికొచ్చారు. మా అత్తగారు వరండాలో పిన్నికి చుక్కలు వేస్తున్నారు. రోజూ పొద్దున్నే పిన్ని షెడ్డుకి పోయేముందు మా ఇంటికి రావడం, అత్తగారు మందు వేయడం అలవాటైంది. సీసా మా ఇంట్లోనే ఉంటుంది. పిన్ని చేతికివ్వరు.

“అమ్మా, ఈ ఆదివారం మీరు సాక్ష్యం చెప్పాలి,” అన్నారు పాస్టరుగారు. “దేవుడు వైద్యుల ద్వారా మీకు చూపిచ్చాడు. ఇందులో దాపరికమేముంది, అందరికీ కనపడుతూనే ఉంది.”

“ఇచ్చాడయ్యా, నిజమే,” అన్నారు మా అత్తగారు, పిన్ని గడ్డం పట్టుకునే. “నాకు వచ్చింది, దీనికి పోయింది. రెండూ చెప్పమంటే చెబుతా. సగం చెప్పమంటే నా వల్ల కాదు.”

పాస్టరుగారు టీ తాగి, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఆదివారం పిలవలేదు.

ఆవిడ చుక్కలు వేయడం మొదలుపెట్టిన రెండో రోజే నేనొక సంగతి పట్టుకున్నాను. డాక్టరు కుడి కంటికే వేయమన్నాడు. ఈవిడ పిన్ని కుడి కంటికి వేసి, ఎడమ రెప్ప కూడా పైకెత్తి, అంతే జాగ్రత్తగా అందులోనూ ఒక చుక్క వేస్తున్నారు.

“ఆ కన్ను పోయింది కదత్తయ్యా. డాక్టరు వద్దన్నాడు కదా” అన్నాను.

“తెలుసు. నువ్వు పో, బడికి టైమవుతంది” అన్నారు నా వైపు తిరక్కుండా.